టీ పొడి పొదుపు, వాడిన పొడి పునర్వినియోగం: తరచుగా అడిగే ప్రశ్నలు

రోజుకు రెండు పూటలా టీ కాచే ఇంట్లో సాయంత్రానికి గుప్పెడు వాడిన పొడి పోగవుతుంది. ఇంకా నల్లగా, నిగనిగలాడుతూ కనిపించే ఆ పొడిని పారేయడానికి చాలామందికి చేయి రాదు. దాన్ని మళ్ళీ మరిగించవచ్చా, మొక్కలకు వేయవచ్చా, అసలు ఎంత మిగులుతుంది అని అడిగేవారి కోసం ఈ పేజీ. అడిగేవారిలో ఎక్కువమంది గిన్నెలో పొడి మరిగించి పాలు కలిపే తెలుగు ఇళ్ళవారే. అందుకే మన పొడిని, మన నీళ్ళను, మన ఎండలను దృష్టిలో పెట్టుకుని జవాబులు రాశాను. ఆకు టీ తాగేవారికీ విడిగా కొన్ని ప్రశ్నలున్నాయి.

వాడిన టీ పొడితో మళ్ళీ టీ పెట్టవచ్చా?

అది ఏ రకం టీ అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆకు ఆకుగా ఉండే గ్రీన్ టీ, ఊలాంగ్ (గ్రీన్ టీకి, మామూలు నల్ల టీకి మధ్య రకం), ఆర్థడాక్స్ (ఆకును పొడి చేయకుండా చుట్టి ఆరబెట్టే పాత పద్ధతి) రకాలను వేడినీళ్ళలో నానబెట్టి తాగేవారు నిస్సంకోచంగా రెండోసారి వాడుకోవచ్చు. కొన్ని రకాలు నాలుగైదు సార్లకు కూడా తట్టుకుంటాయి. గిన్నెలో మరిగించి, పాలు పోసి, వడకట్టిన పొడిని మాత్రం మళ్ళీ వాడకండి. రుచి రాదు, చెప్పుకోదగ్గ ఆదా ఉండదు, పాలు తగిలిన తడి పొడి మన వేడికి త్వరగా చెడిపోతుంది.

పాలు తగలని పొడి అయితే మధ్యస్థంగా ఒక దారి ఉంది. నీళ్ళలో మరిగించి డికాషన్ మాత్రమే తీసి, పాలు విడిగా కలుపుకునే ఇళ్ళలో, అదే పూట వెంటనే రెండో విడత టీ కావలసి వస్తే, ఆ పొడికి సగం కొత్త పొడి చేర్చి మరిగించుకోవచ్చు. ఇంటికి నలుగురు వచ్చి వెళ్ళిన పది నిమిషాలకు ఇంకో ఇద్దరు వస్తే పనికొచ్చే పద్ధతి ఇది. రోజూ అలవాటుగా పెట్టుకోవలసినది కాదు.

పొడిలో ఇంకా రంగు దిగుతూనే ఉంటుంది కదా. సారం మిగిలినట్టే కదా?

మనం వాడే పొడి ఎలా తయారవుతుందో తెలిస్తే ఈ సందేహం తీరిపోతుంది. తెలుగు నాట ఎక్కువ ఇళ్ళలో ఉండేది సీటీసీ రకం. పళ్ళున్న ఇనుప రోలర్ల మధ్య పచ్చి ఆకును నలిపి, చింపి, చిన్న గుళికలుగా చుడతారు. 1930ల మొదట్లో అస్సాంలో పుట్టిన ఈ యంత్రం ఆకు కణాలను దాదాపు పూర్తిగా ఛిద్రం చేస్తుంది. అందుకే నీళ్ళు తగలగానే రంగు, చేదు, కెఫీన్ ఒక్కసారిగా బయటికి వస్తాయి. దక్షిణాదిలో బాగా ఇష్టపడే డస్ట్ రకం ఇంకా సన్నం. అంత సన్నని పొడి నాలుగు నిమిషాలు మరిగిందంటే ఇవ్వగలిగినదంతా దాదాపు ఇచ్చేసినట్టే.

కావాలంటే ఒకసారి చూడండి. ఉదయం వాడిన పొడిని కడిగి, అదే కొలత నీళ్ళలో మరిగించండి. మొదట లేత గోధుమ రంగు దిగుతుంది, ఫర్వాలేదనిపిస్తుంది. అక్కడి నుంచి మంట ఎంత పెంచినా ఎరుపు తేలదు, గోధుమ రంగే మురికి తేలుతుంది. గిన్నె మీద ముఖం పెడితే టీ వాసన బదులు ఉడికిన గడ్డి వాసన వస్తుంది. పాలు పోయగానే బూడిద రంగు తిరుగుతుంది. నోట్లో పోసుకుంటే నాలుక మీద కొంచెం వగరు తప్ప ఇంకేమీ నిలవదు. రంగు దిగినంత మాత్రాన టీ దిగినట్టు కాదు. సువాసన ఇచ్చే పదార్థాలు తేలికగా ఎగిరిపోయేవి. మొదటి మరుగులోనే కొంత కప్పులోకి, కొంత గాలిలోకి వెళ్ళిపోతాయి.

పొడిని మళ్ళీ మరిగిస్తే నెలకు ఎంత మిగులుతుంది?

లెక్క వేసి చూద్దాం. మీ ఊళ్ళో ధరలు వేరుగా ఉంటే అంకెలు మార్చుకోండి. టీ పొడి కిలో 500 రూపాయలు, పాలు లీటరు 60, పంచదార కిలో 45 అనుకుందాం. ఒక కప్పుకు 2 గ్రాముల పొడి, 100 మిల్లీలీటర్ల పాలు, 7 గ్రాముల పంచదార పడతాయి. అంటే పొడి ఖర్చు ఒక రూపాయి, పాలు ఆరు రూపాయలు, పంచదార ముప్పై పైసల పైచిలుకు. కప్పు ఖర్చులో అన్నిటికంటే బరువైనది పాలే. పొడి వాటా ఏడెనిమిదో వంతు.

నలుగురున్న ఇంట్లో రెండు పూటలకు ఎనిమిది కప్పులు. రోజుకు 16 గ్రాముల పొడి, నెలకు 480 గ్రాములు, అంటే 240 రూపాయలు. సాయంత్రం పూట ఉదయపు పొడికి సగం కొత్త పొడి కలిపారనుకోండి, రోజుకు 4 గ్రాములు తగ్గుతుంది. నెలకు 60 రూపాయలు. అయితే నీరసించిన పొడిలో రంగు రప్పించడానికి రోజూ ఐదు నిమిషాలు అదనంగా మరిగిస్తారు. మామూలు చిన్న బర్నరు ఐదు నిమిషాల్లో సుమారు 10 గ్రాముల గ్యాసు కాలుస్తుంది. 14.2 కిలోల సిలిండరు 900 రూపాయలు అనుకుంటే ఆ మంట ఖరీదు అరవై పైసల పైన, నెలకు దగ్గర దగ్గర 20 రూపాయలు. చివరికి మిగిలేది 40 రూపాయలు, దానికి బదులుగా నెలంతా చప్పటి టీ.

ఇదే ఇంట్లో రోజుకు ఒక్క కప్పు టీ ఎవరూ తాగక సింకులో పోశారంటే ఏడు రూపాయలు పైన పోయినట్టు. నెలకు 220. పొడి డబ్బా మీద పెట్టే కన్ను పాల గిన్నె మీద పెడితే అయిదింతలు మిగులుతుంది. నలభై రూపాయలు కూడా అవసరమైన ఇళ్ళున్నాయి, ఆ సంగతి నాకు తెలుసు. వారికి కూడా ఇంతకంటే మంచి దారులున్నాయి, కింద రాస్తున్నాను.

అయితే పొదుపు ఎక్కడ చేయాలి?

పొడిని రెండుసార్లు ఉడికించడంలో కాదు, మొదటిసారే సారమంతా తీసుకోవడంలో. చాలా ఇళ్ళలో చెంచాడు పొడి వేసి అరచెంచా సారమే తాగుతున్నారు. కారణం పాలు, నీళ్ళు, పొడి అన్నీ ఒకేసారి గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టడం. పాలలోని ప్రొటీన్ టీలో వగరునిచ్చే టానిన్లను పట్టుకుంటుంది, చిక్కటి పాలలో పొడి సారం నెమ్మదిగా దిగుతుంది. రంగు రావడం లేదని ఇంకో చెంచా వేస్తాం.

నీళ్ళు ముందు మరగనివ్వండి. తెర్లుతున్న నీళ్ళలో పొడి వేసి, మంట తగ్గించి, మూడు నాలుగు నిమిషాలు ఉంచండి. నీళ్ళు ముదురు ఎరుపు తిరిగాక పాలు పోసి, ఒక్క పొంగు రానిచ్చి దించేయండి. దించాక మూత పెట్టి రెండు నిమిషాలు వదిలేస్తే గ్యాసు ఖర్చు లేకుండా ఇంకాస్త సారం దిగుతుంది. ఈ ఒక్క మార్పుతో నాలుగు కప్పులకు నాలుగు చెంచాలు వేసే ఇంట్లో మూడు సరిపోతాయి. రుచి తగ్గదు, పైగా ఎక్కువసేపు మరగడం వల్ల వచ్చే చేదు పోతుంది.

తర్వాతది కొలత. టీ రుచి చూసే నిపుణులకు అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, 100 మిల్లీలీటర్ల నీళ్ళకు 2 గ్రాముల పొడి, ఆరు నిమిషాలు. అది లోపాలు పట్టుకోవడానికి పెట్టుకున్న గట్టి కొలత. ఇంటికి కప్పుకు 2 గ్రాములు చాలు, అంటే చిన్న చెంచాతో తలకొట్టి ఒకటి. డబ్బాలో ఒకే చెంచా ఉంచి, అందరూ దానితోనే వేయాలి. ఒకరు గోపురంలా పోగు చేసి, ఇంకొకరు చేతితో చల్లే ఇంట్లో నెలాఖరుకు పొడి ఎటుపోయిందో ఎవరికీ తెలియదు. నీళ్ళు కూడా తాగే కప్పుతోనే కొలిచి పోయండి. కళ్ళతో అంచనా వేసేవారు దాదాపు ఎప్పుడూ ఒక కప్పు ఎక్కువే కాస్తారు.

పొడిని గాలి చొరని స్టీలు డబ్బాలో, పొయ్యికి దూరంగా ఉంచాలి. ఆవిరి తగిలిన పొడి సువాసన పోగొట్టుకుంటుంది, అప్పుడు రెట్టింపు వేసినా రుచి రాదు. పాయసానికి ఏలకులు ఒలిచినప్పుడు తొక్కలు పారేయకుండా టీ పొడి డబ్బాలో వేసే అలవాటు మన వంటిళ్ళలో పాతది. ఖర్చు లేకుండా వాసన వస్తుంది. అల్లం చెక్కు తీసినప్పుడు ముందే శుభ్రంగా కడిగి తీస్తే ఆ తొక్క కూడా టీలోకి పనికొస్తుంది. వాడిన పొడిలో లేని వాసనను వెతికేకంటే ఇవి ఎన్నో రెట్లు మేలు.

బోరు నీళ్ళతో టీకి రంగు రావడం లేదు. పొడి ఎక్కువ వేయాలా?

వద్దు, నీళ్ళు మార్చండి. తెలంగాణలోనూ రాయలసీమలోనూ చాలా బోర్లలో కాఠిన్యం ఎక్కువ. ఆ నీళ్ళలోని కాల్షియం వల్ల టీ మందంగా, కాంతి లేకుండా తయారవుతుంది, పైన పలచని తెట్టు కూడా కడుతుంది. తాగడానికి తెచ్చుకునే శుద్ధి చేసిన నీళ్ళనే టీకీ వాడితే అదే పొడి ఎంతో బాగా రంగిస్తుంది. చెంచాల కొద్దీ పొడి పెంచుకున్నదానికంటే రెండు గ్లాసుల మంచి నీళ్ళ ఖర్చు తక్కువ.

మా అత్తగారు పొద్దున పొడి గిన్నెలోనే ఉంచి, సాయంత్రం దానిమీదే కొత్త పొడి వేస్తారు. ప్రమాదమా?

పాలు తగిలిన పొడి అయితే అవును, అది మాన్పించాలి. ఉదయం ఏడింటి నుంచి సాయంత్రం నాలుగింటి వరకు ఎండాకాలపు వంటింట్లో తడిగా, తీయగా, పాలతో ఉన్న పొడి సూక్ష్మజీవులు పెరగడానికి అనువైన చోటు. మళ్ళీ మరిగిస్తే అన్నీ చస్తాయి కదా అని అంటారు. జీవులు చస్తాయి కానీ, అవి అప్పటికే వదిలిన విషపదార్థాల్లో కొన్ని మరుగుకు కూడా పోవు. పొడి మీద తెల్లటి నూగు కనిపించినా, పులిసిన వాసన వచ్చినా ఆలోచించకుండా పారేయండి.

ఇక పెద్దావిడతో మాట్లాడటం. పొడి కొనడానికి చిల్లర లెక్కపెట్టుకున్న రోజులు చూసినవారు అలవాటును సులువుగా వదలరు, వదలమని కసరుకోవడం తప్పు కూడా. "అత్తయ్యా, ఈ పూట నేను పెడతాను, మీరు కూర్చోండి" అని చెప్పి, పైన రాసిన పద్ధతిలో తక్కువ పొడితో కాచి ఇవ్వండి. డబ్బా ఎన్ని రోజులు వచ్చిందో నెలాఖరున ఆవిడకే చూపించండి. వాడిన పొడిని ఆవిడ పెంచుకునే మొక్కలకు ఇస్తే వృథా అయిందన్న బాధా ఉండదు.

పాలు తగలని పొడిని ఎంతసేపు ఉంచవచ్చు?

బయట అయితే గంట, రెండు గంటలకు మించి వద్దు. మూతపెట్టి ఫ్రిజ్‌లో పెడితే అదే రోజు సాయంత్రం వరకు. రాత్రంతా ఉంచిన తడి ఆకును ఏ రకమైనా సరే తాగడానికి వాడకపోవడమే మంచిది.

వాడిన పొడిని మళ్ళీ వాడటం కేవలం లేనివాళ్ళ అలవాటా? అడగాలంటే మొహమాటంగా ఉంది.

మొహమాటపడవలసినది ఏమీ లేదు. టీ తాగే ప్రతి సమాజంలోనూ ఈ అలవాటు ఏదో ఒక రూపంలో ఉంది, కొన్నిచోట్ల గొప్ప మర్యాదగా కూడా ఉంది.

చైనాలో మంచి ఊలాంగ్ ఆకును చిన్న మట్టి కూజాలో వేసి, కొద్ది సెకన్లే నానబెట్టి, చిట్టి గిన్నెల్లో పంచుతారు. మళ్ళీ నీళ్ళు పోస్తారు, మళ్ళీ పంచుతారు. ఏడు నీళ్ళ తర్వాత కూడా పరిమళం మిగిలి ఉంటుందని మేలైన ఆకు గురించి అక్కడ గొప్పగా చెప్పుకుంటారు. ఒక్కో విడతకు రుచి మారడమే అక్కడి రసికులకు ఆనందం. జపాన్‌లో గ్యోకురో అనే ఖరీదైన గ్రీన్ టీని రెండు మూడుసార్లు తాగాక, మిగిలిన మెత్తటి ఆకును సోయా సాస్ చుక్కలు వేసుకుని తినేస్తారు.

బ్రిటన్ కథ ఇంకో రకం. 18వ శతాబ్దంలో టీ మీద పన్ను విపరీతంగా ఉండేది. పెద్దింటి పనివారు వాడిన ఆకును ఎండబెట్టి అమ్ముకునేవారు. వ్యాపారులు దానికి రంగులు పూసి, వేరే చెట్ల ఆకులు కలిపి మళ్ళీ కొత్త టీగా అమ్మేవారు. దాన్ని అరికట్టడానికి పార్లమెంటు చట్టాలే చేయవలసి వచ్చింది. 1784లో పన్నును 119 శాతం నుంచి 12.5 శాతానికి దించాక దొంగ సరుకుకు గిరాకీ పడిపోయింది. తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో, 1940 జులై నుంచి, అక్కడ మనిషికి వారానికి 2 ఔన్సుల టీ మాత్రమే రేషన్ ఇచ్చారు. అంటే 57 గ్రాములు. 1952 దాకా ఆ రేషన్ సాగింది. ఆ రోజుల్లో చాలా ఇళ్ళలో ఒకే ఆకు మీద రెండోసారి నీళ్ళు పోసేవారు.

మన దగ్గర టీ ఇంటింటి అలవాటు కావడం గత శతాబ్దపు సంగతే. 1903లో టీ మీద సెస్సు విధించి, ఆ డబ్బుతో ప్రచారం మొదలుపెట్టారు. రైల్వే స్టేషన్లలో, బజార్లలో కప్పులు పంచి టీ రుచి చూపించారు. కొని తాగవలసిన కొత్త వస్తువు కాబట్టే ఆ తరంవారు పొడిని పొదుపుగా చూసుకున్నారు.

ఆకు టీని రెండోసారి ఎలా నానబెట్టాలి?

మొదటిసారి నీళ్ళు పోసినప్పుడే రెండోసారిని గుర్తుపెట్టుకోవాలి. ఆకును ఐదు నిమిషాలు వదిలేస్తే తర్వాతి విడతకు ఏమీ ఉండదు. గ్రీన్ టీ అయితే మరుగుతున్న నీళ్ళు కాకుండా, దించి మూడు నాలుగు నిమిషాలు ఆరిన నీళ్ళు పోసి, ఒకటిన్నర రెండు నిమిషాల్లో వడకట్టండి. ఆకులో నీళ్ళు నిలవకుండా పూర్తిగా ఒంపేయాలి, లేకపోతే అది అక్కడే ఊరి చేదెక్కుతుంది. రెండోసారి నీళ్ళు కాస్త వేడిగా, సమయం కాస్త ఎక్కువగా ఉండాలి. ఊలాంగ్‌కూ, పుఎర్‌కూ (చైనాలో పులియబెట్టి చేసే టీ) ఇలా నాలుగైదు విడతలు సులువుగా వస్తాయి. డార్జిలింగ్, నీలగిరి ఆర్థడాక్స్ ఆకులు రెండోసారికి తేలికగా ఉంటాయి కానీ, నిమ్మరసం పిండుకుని తాగేవారికి ఆ తేలికదనమే బాగుంటుంది.

కిలో ధర చూసి ఆకు టీ ఖరీదని భయపడేవారు ఒక్కో కప్పుకు ఎంత పడుతుందో లెక్కవేసుకోండి. మూడుసార్లు వచ్చే ఆకు ధరను మూడుతో భాగించాలి. పాలు అక్కరలేదు, పంచదార కూడా చాలామంది వేసుకోరు. పాల టీ కంటే చౌక పడే సందర్భాలు తక్కువేమీ కాదు.

టీ బ్యాగు రెండుసార్లు వాడవచ్చా?

సంచిలో ఉండేది ఎక్కువగా సన్నటి తునకలే కాబట్టి రెండో కప్పు నీరసంగా ఉంటుంది. ఒకే బ్యాగుతో పెద్ద మగ్గు నిండా ఒక్కసారి కాచుకోవడం మేలు. ఆఫీసులో బ్యాగును సాసరులో పెట్టి మధ్యాహ్నం మళ్ళీ ముంచుతుంటారు. గంటలోపు అయితే ఫర్వాలేదు, ఆ పైన వద్దు. పారేసేటప్పుడు సంచిని చింపి పొడి మాత్రమే మట్టిలో వేయండి. కొన్ని సంచుల్లో ప్లాస్టిక్ పోగులుంటాయి, అవి కుళ్ళవు.

రెండోసారి తీసిన టీలో కెఫీన్ ఉండదా? రాత్రి తాగవచ్చా?

తక్కువ ఉంటుంది, అసలు లేకపోవడం ఉండదు. సీటీసీ పొడిని బాగా మరిగించి ఉంటే మొదటిసారే చాలావరకు దిగిపోతుంది. ఆకు టీలో అయితే రెండో విడతలోనూ కొంత వస్తుంది. ముప్పై సెకన్లు నానబెట్టి మొదటి నీళ్ళు పారబోస్తే కెఫీన్ అంతా పోతుందన్న మాట బాగా తిరుగుతోంది. అది నిజం కాదు, అంత తక్కువ సమయంలో పోయేది కొద్దిపాటే. నిద్ర పట్టనివారు రాత్రి రెండో టీ మీద నమ్మకం పెట్టుకోకుండా అల్లం, తులసి మరిగించుకుని తాగడం మంచిది.

ఇరానీ చాయ్ డికాషన్ గంటల తరబడి పొయ్యి మీద ఉంటుంది కదా. అది పాత పొడి కాదా?

కాదు, ఆ పద్ధతే వేరు. హైదరాబాద్ ఇరానీ హోటళ్ళలో పొడిని పెద్ద పాత్రలో వేసి, మూత బిగించి, సన్నని సెగ మీద దమ్ చేస్తారు. మూత వల్ల వాసన బయటికి పోదు. పాలను విడిగా చిక్కబడేదాకా మరగబెడతారు. కప్పులో పాలు, డికాషన్ కలిసేది మనకిచ్చే క్షణంలోనే. ఒకే పొడి నుంచి సారమంతా ఒకే విడతలో తీసే పద్ధతి ఇది. ఇంటి పొదుపుకు ఇందులో నేర్చుకోవలసింది ఆ మూతే.

అదే హోటళ్ళు నేర్పిన ఇంకో పొదుపు వన్ బై టూ. ఇద్దరు కూర్చుని ఒక్క చాయ్ చెప్పి, రెండు కప్పుల్లో పంచుకుంటారు. ముంబైలో సగం గ్లాసు కటింగ్ చాయ్ లాంటిదే. సగం కప్పుతో తృప్తిపడగలిగిన వారికి పాలు, పంచదార, డబ్బు మూడూ సగం ఆదా. రోజుకు నాలుగైదు సార్లు తాగేవారు కప్పుల సంఖ్య తగ్గించలేకపోతే కప్పు చిన్నది చేసుకోవచ్చు. పొదుపు పద్ధతులన్నిటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, ఎందుకంటే ఇందులో రుచి దగ్గర ఏమీ వదులుకోనక్కరలేదు.

విడిగా అమ్మే చౌక పొడిలో వాడిన టీ పొడి కలుపుతారా?

కలిపే అవకాశం ఉంది. వాడేసిన పొడిని ఎండబెట్టి, రంగు వేసి, కొత్త పొడిలో కలపడం ఆహార భద్రతా అధికారులు ఎప్పటి నుంచో గుర్తించిన కల్తీ. మన ప్రమాణాల ప్రకారం టీ పొడిని నీళ్ళలో మరిగిస్తే బరువులో కనీసం 32 శాతం సారంగా దిగాలి. వాడిన పొడికి ఆ లెక్క అందదు. పిండేసిన నిమ్మచెక్కకు పచ్చరంగు పూసినట్టు, లోపల ఏమీ ఉండదు కాబట్టే పైన రంగు వేయాలి. టీ పొడిలో రంగు కలపడానికి అనుమతి లేదు.

ఇంట్లో చూసుకునే తేలిక పద్ధతి ఉంది. తెల్లటి వడపోత కాగితం, లేదా సిరా పీల్చే కాగితం మీద చిటికెడు పొడి చల్లి, కాసిన్ని నీళ్ళు చిలకరించండి. కొన్ని నిమిషాల తర్వాత పొడి దులిపి, కాగితాన్ని వెలుతురులో పట్టుకుని చూడండి. మంచి పొడి కింద లేత మరకే ఉంటుంది. రంగు కలిపిన పొడి అయితే ఒక్కో గుళిక చుట్టూ నారింజ రంగో, ముదురు గోధుమ రంగో చారలుగా పరుచుకుని ఉంటుంది. అయస్కాంతం తిప్పి ఇనుప రజను చూసేవారూ ఉన్నారు. రోలర్లు అరగడం వల్ల నలుసంత ఇనుము మంచి పొడిలోనూ ఉండవచ్చు, గుత్తులు గుత్తులుగా అంటుకుంటేనే అనుమానించాలి.

హోటలు, టీ బండి నడిపేవారికి నాదొక విన్నపం. వాడిన పొడిని విడిగా సంచుల్లో పోగుచేసి ఎవరికీ అమ్మకండి. కూరగాయల చెత్తతో కలిపేస్తే అది మళ్ళీ ఎవరి కప్పులోకీ రాదు.

మొక్కలకు ఎలా వేయాలి?

ముందు బాగా కడగాలి. పంచదార ఉంటే చీమలు చేరతాయి, పాలు ఉంటే కంపు కొడుతుంది. జల్లెడలోనే రెండుసార్లు నీళ్ళు పోసి, కాగితం మీద పరిచి ఎండలో ఆరబెట్టండి. చేతిలో పొడిపొడిగా రాలాలి. కుండీకి రెండు చెంచాల చొప్పున, పదిహేను రోజులకొకసారి, పైమట్టిలో కలిపేయండి. కలపకుండా పైన మందంగా పరిస్తే అట్టకట్టి బూజు పడుతుంది, నీళ్ళు కిందికి దిగవు.

ఇందులో నత్రజని బాగా ఉంటుంది, కానీ కుళ్ళిన తర్వాతే మొక్కకు అందుతుంది. అందుకే నేరుగా వేయడం కంటే ఎండుటాకులతో కలిపి కంపోస్టు చేయడం ఉత్తమం. గులాబీలు, మందారాలు దీన్ని బాగా తీసుకుంటాయి. విత్తనాలు నాటిన కుండీల్లో మాత్రం వేయకండి, మిగిలి ఉన్న కెఫీన్ మొలకలకు అడ్డుపడవచ్చు. టీ పొడి ఒక్కదానితో మొక్క బతకదు, పశువుల ఎరువో వర్మీ కంపోస్టో మానకూడదు.

వంటింట్లో ఇంకా దేనికి పనికొస్తుంది?

కాబూలీ శనగలు ఉడికించేటప్పుడు కడిగిన పొడిని చిన్న గుడ్డలో మూటకట్టి కుక్కర్లో వేస్తే పంజాబీ ఛోలేలో ఉండే ముదురు రంగు వస్తుంది. తలకు పెట్టుకునే గోరింటాకు పొడిని నానబెట్టడానికి రెండోసారి తీసిన డికాషన్ చాలు, దానికి కొత్త పొడి ఖర్చు చేయనక్కరలేదు. బాగా ఎండిన పొడిని చిన్న గిన్నెలో పోసి ఫ్రిజ్‌లో మూలన పెడితే వాసనలు కొంత పీల్చుకుంటుంది. చేపలు శుభ్రం చేశాక చేతులకు రుద్దుకుంటే నీచు వాసన తగ్గుతుంది.

ఎక్కువసేపు మరిగించిన టీ ఆరోగ్యానికి మంచిదేనా?

రెండు విషయాలు గట్టిగా చెప్పాలి. మొదటిది ఇనుము. టీలోని టానిన్లు పప్పులు, ఆకుకూరల నుంచి వచ్చే ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. టిఫిన్‌తో పాటే టీ తాగే అలవాటు మానుకుని, తిన్న గంట తర్వాత తాగండి. గర్భిణులు, ఇనుము మాత్రలు వేసుకునేవారు దీన్ని తప్పకుండా పాటించాలి. ఒక్క పైసా ఖర్చు లేని జాగ్రత్త ఇది.

రెండోది ఫ్లోరైడ్. తేయాకు మొక్క నేల నుంచి ఫ్లోరైడ్‌ను పీల్చి ఆకుల్లో దాచుకుంటుంది, మరిగిస్తే అది నీళ్ళలోకి వస్తుంది. నల్గొండ, ప్రకాశం వంటి జిల్లాల్లో భూగర్భ జలాల్లోనే ఫ్లోరైడ్ సమస్య ఉంది. అలాంటి నీళ్ళను పొడితో సహా మరిగించి మరిగించి సగానికి దించితే గాఢత పెరుగుతుంది. ఆ ప్రాంతాల్లో శుద్ధి చేసిన నీళ్ళతోనే టీ పెట్టండి, తక్కువసేపు కాయండి. అక్కడ పిల్లలకు టీ అలవాటు చేయకపోవడం మరీ ముఖ్యం.

మిగిలిన టీని మళ్ళీ వేడి చేసుకోవచ్చా?

పాలు కలిపిన టీ బయట రెండు గంటలు దాటి ఉంటే వద్దు. ఆలస్యంగా లేచేవారికోసం ఉంచాలంటే వేడి తగ్గకముందే ఫ్లాస్కులో పోయండి, ఫ్లాస్కును ముందే వేడినీళ్ళతో కడిగి ఉంచుకోవాలి. ఇంకా మంచి పద్ధతి, పాలు కలపని డికాషన్ మూతపెట్టి ఉంచుకుని ఎవరు లేస్తే వారికి వేడి పాలు కలిపి ఇవ్వడం. అప్పుడు ఎవరూ తాగకపోయినా పాలు మిగిలే ఉంటాయి.

వాడిన పొడిని సింకులో పోస్తే ఏమవుతుంది?

పైపు మూసుకుపోతుంది. పొడి నీళ్ళలో కరగదు, పైపు వంపులో నూనె జిడ్డుకు అంటుకుని గట్టిపడుతుంది. అపార్టుమెంట్లలో పైఅంతస్తు పొడి కింది అంతస్తు వారి సింకులోంచి పైకి తన్నుకొచ్చిన సందర్భాలున్నాయి. వడకట్టగానే జల్లెడను సింకులో దులపకుండా, పక్కన పెట్టుకున్న పాత డబ్బాలో దులపండి. మొక్కలు లేని ఇల్లయితే తడి చెత్త బుట్టలోకి వెళ్ళాలి.